ముప్పై ఏడో సంతకం

ఎడారి మఠం,
మే 26

ప్రభువునందు ప్రియమైన హర్మీనా బావగారికి,

మీ బావమరిది నసీఫ్ వందనాలు. ఇక్కడ నన్నెవరూ ఆ పేరుతో పిలవడం లేదు. పన్నెండు రోజులుగా నేను మన గుడి గురువుని, అబూనా బిస్సాదాని. ఎవరైనా అలా పిలిస్తే ఆయనెవరో వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూస్తున్నాను.

ఈస్టరు మర్నాడు ఉప్పుచేపల విందు కాగానే మీరు రైలెక్కి వెళ్ళిపోయారు కనుక తర్వాత జరిగింది మీకు తెలియదు. గురువారం బిషప్పుగారి మనుషులిద్దరు నా కొట్టుకొచ్చారు. గడియారం బాగుచేయించుకోవడానికనుకున్నాను. నా బల్ల మీద బడిపంతులుగారి గడియారం విప్పి ఉంది. ఇప్పటికీ అలాగే విప్పి ఉండి ఉంటుంది. నన్ను తిన్నగా పట్నంలో బిషప్పుగారి ముందుకు తీసుకెళ్ళారు.

మన ముసలి అబూనా పోయాక ఊరివాళ్ళు ఎవరిని కోరుకుంటారో సమ్మతి కాగితం రాసి పంపమని బిషప్పుగారు అడిగారు కదా. పైవీధి వాళ్ళు తమ పెద్ద ఇర్యాన్ మేనల్లుడి పేరు పంపారు. కిందవీధి వాళ్ళు తమవాడి పేరు పంపారు. ఆరు నెలలు అదే పోట్లాట. ఇంతలో మూడో కాగితం వెళ్ళిందట. రెండు వీధుల వాళ్ళవీ కలిపి నలభై మూడు సంతకాలు. పేరు నాది. “ఒకరి ఇంట్లో ఒకరు మంచినీళ్ళు తాగనివాళ్ళు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. ఇది మనుషుల పనంటావా, నాయనా?” అని అడిగారు బిషప్పుగారు.

నాకు నాలుగు మాటలు కలిపి చెప్పడం రాదని కాళ్ళ మీద పడ్డాను. ఇంటికి పారిపోయి ధాన్యం అటక మీద దాక్కున్నాను. ఎక్కడున్నానో మా ఆవిడ రిఫ్‌కాయే చూపించింది. నలుగురు పట్టుకొచ్చి బలిపీఠం ముందు నిలబెట్టారు. తల మీద చేతులు పెట్టారు. ఇక అయిపోయింది బావగారూ. ఈ నల్లబట్ట విప్పేది లేదు. చచ్చాక కూడా విప్పరు, దీంతోనే పాతిపెడతారు. మఠం గోడ ఎంత ఎత్తంటే మధ్యాహ్నం రెండింటికే నా గది నీడలో పడిపోతుంది. నలభై రోజుల్లో ఆరాధన అంతా కంఠతా రావాలి. ముప్పై ఏళ్ళు గడియారాలతో బతికినవాణ్ణి, మనుషులతో ఎలా బతకాలో ఎవరూ చెప్పడం లేదు.

ఊపిరాడనప్పుడు ఆ నలభై మూడు సంతకాలు తలుచుకుంటాను. అంతమంది రెండు వీధుల్లోంచి వచ్చి నన్ను కోరుకున్నారు. అదొక్కటే నా కాళ్ళ కింద నేల. ఆ రోజుల్లో మీరు ఊళ్ళోనే ఉన్నారు. ఆ కాగితం ఎవరు మొదలుపెట్టారో మీ చెవినేమైనా పడిందా?

మీ
నసీఫ్


అలెగ్జాండ్రియా, కర్మూజ్ పేట,
జూన్ 8

ప్రభువునందు ప్రియమైనవాడూ, నాయందు అంత ప్రియం కానివాడూ అయిన నసీఫుకు,

ఒరేయ్, నీ ఉత్తరం పిండి చేతులతోనే చించాను. రెండో పేజీ రొట్టెల్లో కలిసిపోకుండా ఆపడానికి మా బట్టీలో ముగ్గురు పట్టారు. మీ అక్క ఇన్సాఫ్ దాన్ని ముద్దు పెట్టుకుని నాలుక ఆడించి ఎంత గట్టిగా కూత పెట్టిందంటే, పెళ్ళెవరిదని పైఅంతస్తు ఆవిడ దిగి వచ్చింది. నా తమ్ముడు అబూనా అయ్యాడని చెప్పి, నా వైపు తిరిగి, ఇక మీదట నువ్వు వాడి చెయ్యి ముద్దు పెట్టుకోవాలి అంది. నీ చెయ్యి నేను ముద్దు పెట్టుకోవడమేమిటిరా, దాన్ని నేను చిన్నప్పుడు తేనెపట్టులో పెట్టించాను.

గడ్డం ఎంతవరకు వచ్చింది? నీకు బుగ్గల మీద రాదు, గడ్డం కింద మాత్రమే వస్తుంది. మేక అబూనా అంటారు. ముందే అలవాటు పడు.

కాగితం సంగతి నాకేం తెలుసు. ఆ రోజు ఉప్పుచేప తిని కడుపుబ్బి ఇంట్లో పడి ఉన్నాను. ఊరన్నాక ఎవడో ఒకడు రాస్తాడు. నువ్వు ఆ సంతకాలు మరీ లెక్కపెడుతూ కూర్చోకు. సంతకాలదేముంది, చచ్చిపోయినవాడు కూడా పెట్టగలడు. ఊపిరాడకపోతే కిటికీ తీసుకో.

నవ్వించడానికి రాశాను. నవ్వు వచ్చి ఉండదు.

సరే, ఒక్క మాట. నాకు ఉత్తరాలు రాస్తూ ఉండు. ఏం జరిగినా రాయి. నేను తప్పకుండా జవాబిస్తాను. హర్మీనా మాట మీద ఎవరూ గోడ కట్టరు, నాకు తెలుసు. ఈ ఒక్కదాని మీద కట్టుకో.

నీ బావ
హర్మీనా


నజ్లత్ సిమాన్,
జూలై 30

బావగారికి,

ఊళ్ళోకి డప్పులతో తీసుకొచ్చారు. పైవీధి డప్పు వేరు, కిందవీధి డప్పు వేరు. రెంటి మధ్యా నడిచాను. అది జరిగి నెలయింది. ఆ రోజు నుంచి కూర్చుని అన్నం తిన్నది ఎప్పుడో గుర్తులేదు.

మీ బాబాయి మకారీ సంగతి ముందు చెప్పాలి. గుడి పక్కనున్న బెత్లెహేము గదిలో పవిత్ర రొట్టె చేసేది ఇప్పటికీ ఆయనే. చేతులు వణుకుతున్నాయి. రొట్టెలు పగులుతున్నాయి, ముద్ర పక్కకి పోతోంది. బలిపీఠం ముందుకు ఏడు రొట్టెలు తెస్తే మచ్చలేనిది ఒక్కటి ఏరుకోవాలి కదా, ఏడింటిలో ఒక్కటీ దొరకదు. ఆయన్ని బాధపెట్టలేక ఆయన రాకముందే వెళ్ళి నేనే పిసికి కాలుస్తున్నాను. కీర్తనలు పాడేవాడు లేడు, నేనే పాడుతున్నాను. నీళ్ళ పంపు చెడితే నన్నే పిలుస్తారు, చిన్న మరలు తెలిసినవాడిని కదా. ఒకరి గేదె ఇంకొకరి బర్సీము గడ్డి మేసిందని పంచాయతీ. అత్తాకోడళ్ళ పంచాయతీ. జబ్బు చేసినవాళ్ళు. బడిపిల్లల పాఠం. గుడి ఊడ్చేది కూడా నేనే. ఎవరికీ కాదనడం నాకు రాదు, మీకు తెలుసు.

నీ మొగుడేడని ఎవరో అడిగితే, ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ ఉన్నాడు, మా ఇంట్లో తప్ప అన్నదట రిఫ్‌కా.

బిషప్పుగారికి రాశాను. ప్రార్థించు, విధేయుడిగా ఉండు అని జవాబు వచ్చింది. ప్రార్థిస్తూనే ఉన్నాను. ప్రార్థిస్తూ కునుకు తీస్తున్నాను.

మీరు బట్టీలో పన్నెండుమంది చేత పని చేయిస్తున్నారు. మకారీని ఏం చేయాలి? మిగతా పనులకి ఏం చేయాలి? చెప్పండి. మీరెలా చెబితే అలా చేస్తాను.

నసీఫ్


అలెగ్జాండ్రియా,
ఆగస్టు 10

ఒరేయ్ మేక అబూనా,

ఎలా చెబితే అలా చేస్తావా? ఇంత గొప్ప అవకాశం నా జన్మలో రాలేదు. గుడిగోపురానికి గులాబీ రంగు వేయించమని చెబుదామనుకున్నాను. మీ అక్క వెనక నుంచి చదువుతోంది, అందుకని మానుకున్నాను.

మకారీ బాబాయిని ఏం చేయాలో నాకు తెలుసు. ఆ గది మా నాన్నది. అక్కడే పిండి పిసుకుతూ కీర్తనలు వల్లించి, నవ్వితే చెంపదెబ్బ తిని, పద్దెనిమిదో ఏట పారిపోయి వచ్చాను. చెప్పగలను. చెప్పను.

ఎందుకో విను. నేనిక్కడ చేరినప్పుడు బట్టీకి పెద్ద ఉస్తా ఫానూస్. కొత్తవాణ్ణి పొయ్యి ముందు నిలబెట్టి, తను వెనక నిలబడేవాడు. రెండు చేతులూ నడుం వెనక పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునేవాడు. నా రొట్టె మాడిపోతున్నా ఆ చేతులు ముందుకు వచ్చేవి కావు. “రంగెలా ఉంది హర్మీనా? ముక్కేమంటోంది?” అని అడిగేవాడు. ఏమంటోందో మీరే చెప్పండి ఉస్తా అని ఏడిస్తే, “ముక్కు నీది కదరా” అనేవాడు. ఆయన్ని తిట్టని తిట్టు లేదు. మూడు వందల రొట్టెలు బొగ్గయ్యాక ఒక రోజు నా చెయ్యి దానంతటదే లోపలికి వెళ్ళి సరైన వేళకి తీసింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన కళ్ళలో నీళ్ళు. అప్పుడు కూడా పొగ అన్నాడు. ఆయన ఒక్క రొట్టె నా కోసం తీసి ఉంటే, ఈనాటికీ ఆయన చెయ్యి కోసం చూస్తూ ఉండేవాణ్ణి. ఆయన పోయి పదేళ్ళయింది.

ఆయనే చెప్పేవాడు. ప్రభువు గుడ్డివాడి ముందు నిలబడి, వాడికి చూపు లేదని లోకమంతా చూస్తూ ఉండగా, నీకు నేనేం చేయాలి అని అడిగాడట. తెలియక అడిగాడా? వాడి నోట వాడి మాట రావాలని అడిగాడు. ఫానూస్‌కి చదువు నాకంటే తక్కువ. ఇది మాత్రం ఆయనకు తెలుసు.

మోషేకి కూడా పొద్దున్నించి సాయంత్రం దాకా జనం తగువులు తీర్చి తీర్చి ప్రాణం మీదికొస్తే మామ వచ్చి, ఇదేం పని అల్లుడూ అని అడిగాడు. అంతటివాడికి మామ దొరికాడు. నీకు బావ దొరికాడు, ఎవరి అదృష్టం వాళ్ళది. కనుక మూడు ప్రశ్నలు.

నిన్న నువ్వు చేసిన పనులన్నీ రాయి. ఒక్కొక్కదాని పక్కన, నువ్వు కాక ఊళ్ళో ఆ పని ఎవరికి వచ్చో రాయి.

మకారీ బాబాయిని, నీకేం కావాలని ఎప్పుడైనా అడిగావా? బాధపెట్టకూడదని దొంగలా ఆయన పని చేస్తున్నావు. ఆయనకు తెలియదనుకుంటున్నావా?

మూడోది. గడియారం ఆగిపోతే నువ్వు ముల్లుని వేలితో తిప్పుతూ కూర్చుంటావా?

జవాబులు నాకు పంపకు. నాకెందుకు, నీ దగ్గరుంచుకో.

హర్మీనా


నజ్లత్ సిమాన్,
సెప్టెంబరు 12

బావగారికి,

మీ ఉత్తరం చదివి వారం రోజులు కోపంగా ఉన్నాను. రొట్టె అడిగితే మూడు ప్రశ్నలు చేతిలో పెట్టారు. రాసుకోవడానికి తీరికే ఉంటే ఈ బాధెందుకు? కాగితం మడిచి జేబులో పెట్టేశాను. ఆ తర్వాత జరిగింది రాస్తున్నాను.

మరియమ్మ పండుగ ముందురోజు ఇర్యాన్ గుడికి వచ్చాడు. మేనల్లుడికి రావలసింది నాకు వచ్చిందని రెండు నెలలుగా నా చెయ్యి ముట్టుకోని మనిషి. ఇస్త్రీ చేసిన పొడుగు గలాబియా వేసుకుని, కర్ర పక్కన పెట్టి, నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా పాపాలు ఒప్పుకోలేదట, ఇప్పుడు ఒప్పుకుంటానన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. తెల్లారకముందు నుంచి రొట్టె కాల్చి, ఆరాధన చేసి, ఒక సమాధి కార్యక్రమం ముగించి, పంపు బిగించి వచ్చి ఉన్నాను. సిలువ ఆయన తల మీద పెట్టి కళ్ళు మూసుకున్నాను.

మొదటి పాపం విన్నాను. అంతవరకే గుర్తుంది.

కర్ర నేలకేసి కొట్టిన చప్పుడికి మెలకువ వచ్చింది. అరగంట చెప్పాడట. ఏడ్చాడట. ఆఖరున, ఏమంటావు అబూనా అని అడిగితే గుర్రు వినిపించిందట. ఆయన ముఖం నేను చచ్చేదాకా మరచిపోను. కోపం కాదు బావగారూ. అంతా విప్పుకుని నిలబడినవాడు తలుపు తెరిచే ఉందని తెలుసుకున్నట్టు ఉంది.

ఊరంతా నవ్వింది. పాపాలు బయటికి పొక్కుతాయన్న భయం లేదు, మన అబూనా వినడు కదా అని కిందవీధి వాళ్ళు పాట కట్టారు. ఆదివారం గుడి మెట్ల మీద ఇర్యాన్ అందరి ముందూ అన్నాడు. “మా వీధిలో వీడికి సంతకం పెట్టినవాడెవడో నాకు తెలియాలి. సిలువ పండుగ కాగానే పట్నం వెళ్ళి ఆ కాగితం కళ్ళారా చూస్తాను. పెట్టినవాళ్ళ చేతే ఊళ్ళో ముక్కు నేలకు రాయిస్తాను.”

చూడనివ్వండి. నాకు భయం లేదు. ఈ నాలుగు నెలల్లో నన్ను నిలబెట్టింది అదొక్కటే. నేను కూడా ఆయన వెంట వెళ్తున్నాను. ఆ నలభై మూడు పేర్లూ ఒక్కసారి నా వేలితో తడిమి చూడాలని ఉంది. వాళ్ళంతా ఉన్నారు కదా అనుకుంటే ఈ రోజు కూడా గడిచింది.

నసీఫ్


అలెగ్జాండ్రియా,
సెప్టెంబరు 18

నసీఫ్,

పట్నం వెళ్ళకు. కాదు, వెళ్ళు. ముందు ఇది చదువు. కూర్చుని చదువు.

ఆ కాగితం నేను రాశాను.

ఉప్పుచేపల విందులో నిన్ను ఏడిపిద్దామని రాశాను. ఊళ్ళో నోరు విప్పని మనిషివి నువ్వొక్కడివే. నిన్ను అబూనాని చేయమని ఊరంతా కోరినట్టు కాగితం చదివితే నీ ముఖం ఎలా తెల్లబోతుందో చూద్దామనుకున్నాను. నలభై మూడు సంతకాలూ నావే. కుడిచేత్తో కొన్ని, ఎడంచేత్తో కొన్ని, నోట్లో కలం పెట్టుకుని రెండు. వేలిముద్రలు పదకొండు. చేతివేళ్ళు పదీ అయిపోతే పదకొండోది కాలి బొటనవేలు. ఇర్యాన్ సంతకం కూడా ఉంది. దాని కింద ఆయన లాగే మెలిక తిప్పాను, దాని మీద చాలా కష్టపడ్డాను. ముప్పై ఏడో పేరు చూడు. అయ్యూబ్ సబ్రీ, అంటే ఓర్పుగల యోబు. అది మీ గాడిద. ఎంత కొట్టినా కదలదని దానికి ఆ పేరు పెట్టింది నేనే కదా.

విందులో చదివే వేళకి నువ్వు ముసలమ్మలకి చేపముళ్ళు తీసిపెడుతున్నావు. ఎందుకో చదవబుద్ధి కాలేదు. మర్నాడు పట్నం మీదుగా రైలుకి వెళ్తూ, గుమాస్తా నవ్వుకుంటాడని ఆ కాగితాన్ని బిషప్పుగారి ఉత్తరాల పెట్టెలో పడేశాను. చించి పారేస్తారనుకున్నాను. నా మీద ఒట్టు, చించేస్తారనే అనుకున్నాను.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే చెప్పవలసింది. నువ్వు నేల అన్నావు. నేలని లాగేయడానికి చెయ్యి రాలేదు. తర్వాత ప్రతి ఉత్తరంలోనూ ఇవాళ చెబుదామనే కూర్చునేవాణ్ణి, హాస్యం రాసి మూసేసేవాణ్ణి. నిన్ను బోనులో పెట్టి, బయట కూర్చుని, లోపల గాలి ఎలా ఉందని అడుగుతున్నాను. ఫానూస్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడంటే ఆయన చేతులు శుభ్రం. నేను వెనక దాచుకున్నది సిరా అంటిన చేతులు.

మీ అక్కకి నిన్న చెప్పాను. ఆవిడ నాతో మాట్లాడడం లేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు.

ఇర్యాన్ ముందు నువ్వు ఈ కాగితం చూసి కూలిపోకూడదని రాశాను. ఇంతకంటే మంచి కారణం ఉందని చెప్పలేను.

హర్మీనా


నజ్లత్ సిమాన్,
నవంబరు 3

బావా,

ఆరు వారాలు రాయలేదు. నువ్వు ఎదురు చూసి ఉంటావని తెలుసు. చూడనిచ్చాను.

ఈ ఉత్తరంలో ‘మీరు’ అనడానికి చెయ్యి రావడం లేదు. ఏమీ అనుకోకు. అనుకున్నా ఫరవాలేదు.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. చదివి లేచి రోడ్డు దాకా నడిచాను. పట్నం బండి వచ్చింది, ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది. ఎక్కి ఎక్కడికి వెళ్ళాలి? ఈ బట్టల్లో ఎక్కడ దిగినా ఎవరో ఒకరు వచ్చి చెయ్యి ముద్దు పెట్టుకుంటారు. బట్టలు విప్పితే తల మీద పెట్టిన చేతులున్నాయి. అవి ఎక్కడికి పోతాయి? రోడ్డు పక్క రాయి మీద కూర్చుని నిన్ను తిట్టాను. ఒక అబూనాకి రాకూడని మాటలన్నీ వచ్చాయి. చాలావరకు నువ్వు నేర్పినవే.

జేబులో చెయ్యి పెడితే నీ ఆగస్టు ఉత్తరం తగిలింది. నీ మీద ఎంత కోపంగా ఉన్నా మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ముల్లుని వేలితో తిప్పుతూ కూర్చుంటావా? బావా, ముప్పై ఏళ్ళలో ఒక్క గడియారానికి అలా చేయలేదు. ఊరికి చేస్తున్నాను. నేను తిప్పినంతసేపే తిరుగుతోంది. వేలు తీస్తే ఆగుతోంది. దాన్ని బాగుచేయడమంటారా ఎవరైనా?

నువ్వు పాపం ఒప్పుకున్న కాగితం వెనక వైపే పనులన్నీ రాశాను. ముప్పై ఒకటి వచ్చాయి. నేనే చేయవలసినవి ఏడు. మిగతా వాటన్నిటి పక్కనా ఒక్కొక్క పేరు దొరికింది.

అక్కడి నుంచి తిన్నగా మకారీ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. నీకేం కావాలి పెద్దయ్యా అని అడిగాను. చేతిలోని రొట్టె ముద్రని పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు. “ఆరేళ్ళుగా ఈ మాట ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను, అబూనా. చేతులు పోయాయని చెబితే గది లాక్కుంటారని భయం. నువ్వు దొంగతనంగా కాలుస్తున్నావని తెలుసు. నీ రొట్టె నా రొట్టె కంటే అధ్వాన్నం. నన్ను ముద్ర వేయనిస్తే చాలు. పిసకడానికి చేతులున్నవాణ్ణి తీసుకురా.”

తర్వాత ఇర్యాన్ ఇంటికి. పట్నం వెళ్ళాక తెలియడం కంటే ముందే నా నోటితో చెప్పాలనిపించింది. కాగితం దొంగదని చెప్పాను. ఎవరు రాశారో చెప్పాను. ఆయన పేరు కూడా అందులో ఉందని చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. “కాగితం నా బావ తప్పు. నిద్ర నా తప్పు. ఇప్పుడు మెలకువగా ఉన్నాను. మళ్ళీ చెప్పుకోవాలనిపిస్తే వింటాను.” కర్ర మీద గడ్డం ఆనించాడు. మొదటి పాపం ఎంతవరకు విన్నావని అడిగాడు. చెప్పాను. ఐతే పెద్దవన్నీ తర్వాతే ఉన్నాయన్నాడు.

ఇద్దరం పట్నం వెళ్ళాం. బిషప్పుగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కాలి బొటనవేలి ముద్ర దగ్గర ఆగి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నన్ను విడిచిపెట్టమని అడిగాను. “కాగితం దొంగది నాయనా. నీ తల మీద పెట్టినవి దొంగచేతులు కావు. పెట్టిన చేతులు వెనక్కి తీసుకునే ప్రార్థన మన దగ్గర లేదు” అన్నారు. నేను అనుకున్నది నిజమే. తలుపు లేదు.

మర్నాటి ఆదివారం ఆరాధన అయ్యాక కాగితం గుడిలో అందరి ముందూ పెట్టాను. ఇందులో మీ పేర్లు మీరు రాసినవి కావు, వద్దనుకున్నవాళ్ళు కొట్టేసుకోండి అని కలం పక్కన పెట్టాను. వాళ్ళు ఎవరు ఏం చేసేదీ చూడకూడదని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుం వెనక పెట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చావు.

ఇరవై మూడుమంది కొట్టేశారు. మొదట కొట్టింది ఇర్యాన్, కాగితం చిరిగేలా కొట్టాడు. పందొమ్మిది మిగిలాయి. ముప్పై ఏడో పేరుని అడగడం కుదరలేదు. నలభై మూడు లేవు బావా. కాని పందొమ్మిది మీద నిలబడవచ్చు. ఇవి నిజంగా ఉన్నాయి. సాయంత్రం ఇర్యాన్ మళ్ళీ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. రెండు గంటలు విన్నాను. రెప్ప వేయలేదు.

పంపు ఇప్పుడు కిందవీధి వాళ్ళు చూస్తున్నారు. వారానికి రెండుసార్లు చెడగొడుతున్నారు, నేను వెళ్ళడం లేదు. కీర్తనలు బడిపంతులుగారు పాడుతున్నారు, వినడం కష్టంగా ఉంది. ఏం చేయమంటారు అబూనా అని ఎవరైనా వస్తే, నువ్వేమనుకుంటున్నావని అడుగుతున్నాను. నెల రోజుల్లోనే నాకు చెడ్డపేరు వచ్చింది. రోజుకి ఒక్కపూట రిఫ్‌కాతో కూర్చుని తింటున్నాను. మొదటి రోజు, ఎవరు కావాలండీ అని అడిగింది.

ఇక నీ సంగతి. క్షమించాను. ఎప్పుడని అడగకు, రోడ్డు మీద మాత్రం కాదు. ఐతే ఊరికే వదలను. దీంతో ఒక కాగితం పంపుతున్నాను. మకారీ పెద్దాయన పక్కన పిండి పిసకడానికి, వాళ్ళ నాన్న గదిలోకి, హర్మీనాని పంపమని ఊరివాళ్ళు బిషప్పుగారికి పెట్టుకున్న సమ్మతి కాగితం. నలభై మూడు సంతకాలు. ఈసారి ఎవరివి వారే పెట్టారు. మొదటిది ఇర్యాన్‌ది, ఎప్పుడూ లేనంత సంతోషంగా పెట్టాడు. ముప్పై ఏడోది డెక్క ముద్ర. సిరా పూస్తుంటే నన్ను రెండుసార్లు తన్నింది. కింద బిషప్పుగారి ముద్ర ఉంది.

రమ్మని చెప్పను. నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. ఒక్కటే అడుగుతాను.

బావా, నీకు నేనేం చేయాలి?

బిస్సాదా


అలెగ్జాండ్రియా,
నవంబరు 11

అబూనా బిస్సాదా గారికి, హర్మీనా వందనాలు. మీ చెయ్యి ముద్దు పెట్టుకుంటున్నాను. ఇది రాయడానికి మూడు కాగితాలు పాడయ్యాయి.

కాగితం చూడగానే బట్టీ వెనక పిండి బస్తాల గదిలో దాక్కున్నాను. ఎక్కడున్నానో మీ అక్కే చూపించింది. మీ వంశపు ఆడవాళ్ళ చేతికి మగవాణ్ణి ఇచ్చేటప్పుడు పెద్దలు ఒకమాట హెచ్చరించి ఉండవలసింది. ఆవిడ అప్పటికే గిన్నెలు మూటకట్టింది. నాతో మాట్లాడుతోంది కూడా.

ఆ గది గురించి నాకు తెలుసు. ఒక్కటే కిటికీ, అదీ పొగగొట్టం పక్కన. నవ్వకూడదు. ఉప్పు వేయకూడదు. పద్దెనిమిదో ఏట ఆ తలుపు దాటాక వెనక్కి చూడలేదు. నలభై ఏడో ఏట మళ్ళీ అందులోకి వస్తున్నాను, చచ్చేదాకా. మీరు మఠం గోడ గురించి రాసినప్పుడు మీతో హాస్యమాడాను. ఇప్పుడు రాత్రిపూట ఆ గది గోడలు కొలుచుకుంటున్నాను.

మీ ప్రశ్న రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఊరందరినీ నవ్వించినవాణ్ణి, నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏదో వెటకారం చేసి తప్పించుకునేవాణ్ణి. ఈసారి తప్పించుకోను. ఫానూస్ పోయి పదేళ్ళయింది. ఈ పదేళ్ళూ పిండిలో చేతులు పెట్టిన ప్రతిరోజూ నా వెనక ఖాళీగా ఉంది. అక్కడ ఎవరైనా నిలబడాలి. ఏమీ చేయనక్కరలేదు. ముక్కేమంటోంది హర్మీనా అని అడిగితే చాలు.

గురువారం రైలుకి వస్తున్నాం. మూటలు చాలా ఉన్నాయి, మీ అక్క జల్లెడ కూడా వదలడం లేదు. స్టేషనుకి మీరు రావద్దు, ఊళ్ళో పనులుంటాయి. ముప్పై ఏడో సంతకందారుని పంపండి చాలు. నేను దానికి కూడా క్షమాపణ చెప్పుకోవాలి.

హర్మీనా